పాత మారుతి 800కి సెంట్రల్ లాక్, అలారం: ముందు తలుపుల సంగతి చూడండి

మలికిపురం దగ్గర ఊళ్ళో మీ నాన్నగారి దగ్గర 2005 మారుతి 800 ఉందని, దానికి సెంట్రల్ లాక్‌తో అలారం పెట్టించాలనుకుంటున్నానని రాశారు. వెనక తలుపు లాక్ వేయడం మరిచిపోతే సీట్లో ఉన్న బ్యాగు పోయిందన్నారు. షాపులో రెండు గంటల్లో బిగించేస్తామన్నారట. వైరింగ్ పాడవుతుందా, వారానికోసారి తీసే బండికి బ్యాటరీ దిగిపోతుందా, డెబ్బై దాటిన ఆయనకి రిమోట్ అలవాటవుతుందా అని మీ టెన్షన్.

పెట్టించుకోవచ్చండి. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని చేస్తున్నాను. పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు పాత బళ్ళు నా చేతి మీదుగా చాలా వెళ్ళాయి. కానీ ఇది రెండు గంటల్లో అయ్యే పని కాదు. ఒక రోజు పూర్తిగా పడుతుంది, బండి స్థితిని బట్టి రెండో రోజు కూడా పట్టొచ్చు. అలారం పెట్టెకి కనెక్షన్లు ఇవ్వడం గంటన్నర పని. మిగతా టైమంతా తలుపులకే. ఆ టైము మిగుల్చుకున్నవాళ్ళు బిగించిన సెట్లే ఏడాది తిరక్కుండా మా దగ్గరికి వస్తాయి.

కారు తలుపు నీళ్ళు చొరబడని డబ్బా కాదండి. అద్దం పక్కనుండే రబ్బరు బీడింగు సందులోంచి వాననీళ్ళు తలుపు లోపలికి దిగుతూనే ఉంటాయి, అడుగున ఉన్న చిన్న కన్నాల్లోంచి బయటికి పోతాయి. తయారుచేసిందే అలా. ఆ నీళ్ళు లోపలి వైపు ప్యాడ్‌కి తగలకుండా ప్యాడ్ వెనకాల ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. మన కోనసీమలో బండి ఉండేది కొబ్బరిచెట్ల కింద. ఆకు, పీచు, దుమ్ము జారి ఆ కన్నాలు పూడుకుపోతాయి. దానికి తోడు అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి ఉప్పుగాలి. పైకి పెయింటు మెరుస్తూనే ఉంటుంది, తలుపు అడుగు లోపల్నుంచి తుప్పు తినేస్తూ ఉంటుంది.

ఒకసారి నరసాపురం వైపు నుంచి ఒక పాత మారుతి జెన్ కారు వచ్చింది. "రిమోట్ నొక్కితే మూడు తలుపులే పడుతున్నాయండి, నాలుగోది గుర్రుమంటుందండి" అన్నారాయన. ప్యాడ్ విప్పి చూస్తే ప్లాస్టిక్ షీటు లేదు, ముందు బిగించినవాళ్ళు చింపి పారేశారు. తలుపు అడుగున రెండు వేళ్ళ ఎత్తున బురదనీళ్ళు. లాక్ మోటారు ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది. వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. రోహిణి కార్తె ఎండలకి ఆ టేపు జిగురు కరిగి గొట్టంలా జారిపోయింది, లోపల రాగితీగంతా పచ్చటి చిలుము పట్టి ఉంది. వేలితో ముట్టుకుంటే పొడిలా రాలింది. మోటారు మంచిదే, అలారం కూడా మంచిదే. పోయింది జాయింటూ, షీటూ.

అందుకని కిట్ కొనకముందే నాన్నగారి బండికి నాలుగు తలుపులూ ఒకసారి చూడండి. తాళంచెవితో డ్రైవర్ తలుపు, లోపలి మీటతో మిగతావి చేత్తో వేసి తీయండి. రెండు వేళ్ళతో సులువుగా కదలాలి. బలం పెట్టాల్సివస్తే ఆ తలుపుకి మోటారు పెట్టకూడదు, పెడితే లోపలున్న ప్లాస్టిక్ పళ్ళు అరిగి ఆర్నెల్లకే పోతుంది. మోటారు చేసేది మన వేలి పనే. వేలికి కష్టమైంది దానికీ కష్టమే. లాక్ యంత్రాన్ని స్ప్రేతో కడిగి, పాత మడ్డి అంతా తుడిచి, ఆరాక తెల్ల గ్రీజు పల్చగా పెట్టించండి. కొబ్బరినూనె, వాడేసిన ఇంజినాయిలు మాత్రం వద్దండి. మన ఇళ్ళలో ఆ అలవాటుంది. అప్పటికి జారుగానే ఉంటుంది, తర్వాత దుమ్ము పట్టి బంకవుతుంది. తాళంచెవి దూరే చోట నూనె బదులు గ్రాఫైట్ పొడి వేయండి.

డ్రైవర్ తలుపుకి తాళంచెవి తిరగకపోతే, అది బాగయ్యే దాకా మిగతా పని మొదలుపెట్టొద్దు. బ్యాటరీ దిగినరోజు రిమోట్ పనిచేయదు. ఆరోజు బండిలోకి వెళ్ళే దారి ఆ తాళంచెవి ఒక్కటే.

ఇక కిట్ సంగతి. మామూలు సెట్లో నాలుగు మోటార్లుంటాయి. ఒకదానికి అయిదు వైర్లు, మిగతా మూడింటికి రెండేసి. అయిదు వైర్లది డ్రైవర్ తలుపుకి. అందులో రెండు మోటారువి, మూడు లోపలి స్విచ్‌వి. తాళంచెవితో డ్రైవర్ తలుపు వేసినప్పుడు మిగతా మూడూ పడటానికి కారణం ఆ స్విచ్చే. డబ్బు కలిసొస్తుందని నాలుగూ రెండు వైర్లవే పెట్టేవాళ్ళున్నారు. అప్పుడు రిమోట్ ఉంటేనే అన్నీ పడతాయి, తాళంచెవి ఆ ఒక్క తలుపుకే. మీ నాన్నగారి వయసుకి తాళంచెవితో కూడా అన్నీ పడేలా ఉండటం ముఖ్యం, కాబట్టి డ్రైవర్ వైపు అయిదు వైర్ల మోటారే అడగండి. వైర్ల రంగులు కిట్‌కీ కిట్‌కీ మారతాయి, మీటరు పెట్టి చూసుకోవాల్సిందే.

మోటారు రాడ్డు, తలుపులోని లాక్ రాడ్డు ఒకే వరసలో కదలాలి. అడ్డంగా, ఏటవాలుగా బిగిస్తే సగం బలం రాడ్డుని వంచడానికే పోతుంది. నేను మోటారుని చేత్తో సగానికి లాగి, తలుపు లాక్‌ని కూడా సగంలో ఆపి, అప్పుడు క్లిప్ బిగిస్తాను. అలా చేస్తే రెండు వైపులా పూర్తిగా వెళ్తుంది. బిగించాక అద్దం పూర్తిగా దించి చూడాలి, మోటారుకి తగలకూడదు. ఈ చివరి మాట చిన్నదనిపిస్తుంది గానీ, దీనికే మళ్ళీ ప్యాడ్ విప్పాల్సి వస్తుంది. చెవి పెట్టి వినండి, బాగా కుదిరిన తలుపు "టక్" అని ఒక్క దెబ్బతో పడుతుంది.

పవర్ విండోలు లేని బండి కాబట్టి తలుపుకీ బాడీ పిల్లర్‌కీ మధ్య వైరు వెళ్ళడానికి దారి ఉండకపోవచ్చు. కన్నం వేయాలి. కన్నం వేసిన చోట ఇనుము బయటపడుతుంది, అక్కడ వెంటనే ప్రైమర్ పూయకపోతే మన గాలికి వచ్చే వానాకాలానికల్లా తుప్పు. ప్రైమర్ ఆరాక రబ్బరు బుష్, బుష్‌లోంచి వైరు. పిల్లర్ మీద కన్నం, తలుపు మీద కన్నం ఎదురెదురుగా కాకుండా కాస్త ఎత్తుపల్లాలుగా ఉంటే తలుపు మూసినప్పుడు వైరు నలగదు, మెల్లగా వంపు తిరుగుతుంది. పని నేర్చుకున్న కొత్తలో నేను ఒక బండికి బుష్ లేకుండానే వైరు లాగాను. మూడు నెలలకి ఇనుప అంచు వైరు తొడుగుని కోసేసింది. ఫ్యూజు ఉంది కాబట్టి అది ఎగిరిపోవడంతో ఆగింది. లేకపోతే ఆ వైరు కాలి, ఆ మంట ఎక్కడి దాకా వెళ్ళేదో. ఆ ఇంటాయన తన మనవల్ని ఎక్కించుకుని తిరిగే బండి అది. ఆరోజు నుంచి బుష్ లేకుండా వైరు దాటించలేదు, ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి వైరు తీయలేదు. మీ బండికి కూడా బ్యాటరీ దగ్గర జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉందో లేదో మీ కళ్ళతో చూడండి.

తలుపు లోపల జాయింటు అనేదే ఉండకూడదు. మోటారు వైరు పొట్టిదైతే పొడుగు వైరు వేసి, జాయింటు బండి లోపల, డ్యాష్‌బోర్డు కిందకి తెచ్చుకోవాలి. అక్కడ కూడా సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం) వేయాలి. టేపు ఒక్కటే చాలదు. తలుపులోకి వెళ్ళే ముందు వైరు కిందికి ఒక వంపు తిరిగి వెళ్ళాలి, అప్పుడు వైరు పట్టుకుని జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే కిందపడిపోతుంది. ఆఖర్న ప్లాస్టిక్ షీటు. పాతది చిరిగితే మందపాటి పాలిథిన్ కోసి బ్యూటైల్ టేపుతో (బంకగా ఉండే రబ్బరు టేపు) అంటించమనండి. షీటు అడుగు అంచు తలుపు లోపలి వైపుకి దూరి ఉండాలి, నీళ్ళు అక్కడికే జారాలి. అడుగు కన్నాలు పుల్లతో పొడిచి శుభ్రం చేయించండి.

ఇప్పుడు అలారం కనెక్షన్లు. ఎక్కువగా తప్పు జరిగేవి చెప్తాను.

తలుపు తెరిస్తే రూఫ్ లైటు వెలుగుతుంది చూడండి, ఆ స్విచ్ వైరుకే అలారం వైరు కలుపుతారు. మారుతిలో తలుపు తెరిచినప్పుడు ఆ వైరు ఎర్త్ అవుతుంది, అంటే బాడీకి కలుస్తుంది, కాబట్టి అలారంలో ఎర్త్ తగిలితే మోగించే నెగటివ్ ట్రిగ్గర్ వైరే వాడాలి. నాలుగు తలుపులూ ఒక్కొక్కటీ తెరిచి లైటు వెలుగుతుందో లేదో చూసుకోండి. వెలగని తలుపు ఉంటే అది తెరిచినా అలారం మోగదు, మీ బ్యాగు పోయిన వెనక తలుపే అలా ఉంటే ఇంత ఖర్చూ వృథా. ఆ తలుపుకి కొత్త స్విచ్ పెట్టించండి. పాత స్విచ్‌లు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఒక్కోసారి తలుపు మూసినా తెరిచినట్టే చూపిస్తాయి. అర్ధరాత్రి ఊరికే మోగే అలారాల్లో చాలావాటికి కారణం ఆ చిన్న స్విచ్చే.

ఇగ్నిషన్ వైరు తాళం ఆన్‌లో ఉన్నప్పుడే కాదు, స్టార్ట్ కొడుతున్నప్పుడు కూడా కరెంటు ఉండేదై ఉండాలి. స్టీరియోకి వెళ్ళే వైరుకి కలిపేస్తే స్టార్ట్ కొట్టేటప్పుడు కరెంటు పోతుంది, అలారం బండి ఆపేశారనుకుంటుంది. ఇండికేటర్లకి కుడికీ ఎడమకీ వేరువేరు వైర్లే వాడాలి, రెండూ కలిపేస్తే ఒకవైపు ఇండికేటర్ వేసినా రెండు వైపులా వెలుగుతాయి. బాడీ ఎర్త్ కోసం పెయింటు గీకి, రింగు టెర్మినల్ బోల్టుతో బిగించి, పైన కాస్త గ్రీజు పూయాలి. మీది ఇంజెక్షన్ ఇంజిను, కాబట్టి బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్‌తో వైర్లన్నీ పొడిచి చూడనివ్వొద్దు. ఆ బల్బు లాగే కరెంటు ఈసీయూ (ఇంజినుని నడిపే కంప్యూటరు) వైర్లకి మంచిది కాదు. మల్టీమీటరు వాడమనండి.

అలారం పెట్టె కాళ్ళ దగ్గర కార్పెట్ మీద పెట్టనివ్వకండి, డ్యాష్‌బోర్డు వెనక ఎత్తుగా కట్టించండి. 2022 జులై గోదావరి వరదలో లంక ఊళ్ళ బళ్ళ పరిస్థితి మీకు తెలిసిందే. నీళ్ళు సీటు దాకా రాకపోయినా కార్పెట్ తడిస్తే చాలు, కింద పెట్టిన పెట్టె పోతుంది. సైరన్ నోరు కిందికి ఉండాలి, పైకి పెడితే వాననీళ్ళు నిలుస్తాయి.

దొంగ స్టార్ట్ చేయకుండా ఆపే రిలే (అలారం నడిపే కరెంటు స్విచ్) గురించి కూడా చెప్పాలి. మూడు చోట్ల ఆపొచ్చు: స్టార్టర్, ఇగ్నిషన్, పెట్రోలు పంపు. నేను స్టార్టర్‌కే పెడతాను. మిగతా రెండు చోట్ల పెడితే, ఆ రిలే ఎప్పుడైనా తప్పు చేస్తే నడుస్తున్న ఇంజిను ఆగిపోతుంది. చించినాడ వంతెన మీద వెనకాల లారీ ఉండగా బండి ఆగిపోవడం ఎవరికీ వద్దు. స్టార్టర్ ఆపినా బండిని తోసి స్టార్ట్ చేయొచ్చు కదా అంటారు. నిజమే. అందుకే స్టీరింగ్ లాక్ సరిగ్గా పడుతుందో లేదో చూసుకోవాలి, పాత బళ్ళలో అది అరిగిపోయి ఉంటుంది. రిలే కూడా మామూలు స్థితిలో కలిసే ఉండేలా పెట్టాలి. అప్పుడు అలారం మొత్తం చచ్చిపోయినా నాన్నగారి బండి స్టార్ట్ అవుతుంది.

చాలా కిట్లలో ఇంజిను స్టార్ట్ చేయగానే తలుపులు వాటంతటవే లాక్ అయ్యే సౌకర్యం ఉంటుంది. మన దగ్గర నేను అది ఆఫ్ చేసే ఇస్తాను. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి దిగువకి మన రోడ్లన్నీ కాలవగట్లే. రెండో వైపు చేపల చెరువో, మురుగుకాలవో. మంచు పట్టిన తెల్లవారుజామున బండి జారి కాలవలో పడిన వార్త ఏటా వింటూనే ఉంటాం. నీళ్ళలో పడ్డ బండికి కరెంటు పోతే లాక్ మోటారు తెరుచుకోదు. చేతికి దొరికే లోపలి మీట ఒక్కటే దిక్కు. కాబట్టి బిగించాక బ్యాటరీ టెర్మినల్ తీసేసి, లోపల కూర్చుని, నాలుగు తలుపులూ లాక్‌లో పెట్టి, చేత్తో తీసి చూడండి. మోటారు తగిలించాక కూడా మీట చేత్తో హాయిగా కదలాలి. కదలకపోతే డబ్బు ఇవ్వకండి, సరిచేయించండి. పిల్లలు ఎక్కే బండైతే వెనక తలుపుల చైల్డ్ లాక్ గురించి కూడా ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, అది వేసి ఉంటే లోపలి హ్యాండిల్‌తో ఆ తలుపు తెరుచుకోదు.

బ్యాటరీ గురించి అడిగారు. మంచి అలారం కాపలాలో ఉన్నప్పుడు 10 నుంచి 20 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. 20 అనుకుంటే రోజుకి దాదాపు అర ఆంపియర్ అవర్, నెలకి 14 పైచిలుకు. మీ బండికి మామూలుగా వేసే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ పూర్తి చార్జిలో ఉన్నా, నెలరోజులు తీయకుండా వదిలేస్తే అయిదు వంతుల్లో రెండు వంతుల పైనే అలారమే తినేస్తుంది. బ్యాటరీ పాతదైతే స్టార్ట్ అవదు. వారానికోసారి ఇంట్లో నిలబెట్టి అయిదు నిమిషాలు ఆన్ చేసి ఆపేయడం వల్ల లాభం లేదు, స్టార్ట్‌కి పోయిందే తిరిగి ఎక్కదు. అరగంట రోడ్డు మీద తిప్పాలి. రాజోలు వెళ్ళి రావడం చాలు. నాన్నగారు మీ దగ్గరికి హైదరాబాద్ వచ్చి నెల ఉండేట్టయితే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేసి రమ్మనండి. బిగించిన రోజే అన్నీ ఆపి, నెగటివ్ టెర్మినల్ తీసి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టి చూడమనండి. అలారంతో కలిపి 50 మిల్లీఆంపియర్లు దాటితే ఎక్కడో లీకుంది.

బండికి దెబ్బ తగిలితే అలారం మోగించే షాక్ సెన్సార్‌ని బాగా తక్కువ మీద పెట్టించండి. కొబ్బరిమట్ట పడ్డా, వీధిలో ధాన్యం ట్రాక్టరు వెళ్ళినా, దీపావళికి పక్కింట్లో టపాసులు కాల్చినా మోగుతుంటే మూడో రోజుకి ఎవరూ పట్టించుకోరు. నిజంగా దొంగ వచ్చినరోజు కూడా మట్టే పడిందనుకుంటారు. గుప్పిటతో టైరు పైన బాడీ మీద గట్టిగా కొడితే మోగాలి, చేయి ఆనిస్తే మోగకూడదు. సఖినేటిపల్లి పంటు (బళ్ళని గోదావరి దాటించే పెద్ద పడవ) మీద నరసాపురం దాటేటప్పుడు కూడా ఇదే ఇబ్బంది, పంటు ఇంజిను అదురుకి మోగుతుంది. దానికి వ్యాలే (valet) స్విచ్ అని ఒకటుంటుంది, అలారాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టడానికి. అదెక్కడ పెట్టారో నాన్నగారికి చూపించి, ఒకసారి ఆయన చేతే వేయించి తీయించండి.

రిమోట్ ఆయనకి అలవాటవుతుందండి, భయం వద్దు. తిరిగి లాక్ అయ్యే సౌకర్యం ఒకటుంటుంది, రిమోట్‌తో తెరిచి అర నిమిషంలో తలుపు తీయకపోతే బండి మళ్ళీ లాక్ అవుతుంది. అది ఆపించండి. లోపల తాళంచెవి మరిచి బయట నిలబడేది ఎక్కువగా దానివల్లే. రెండో తాళంచెవి రిమోట్ లేకుండా అమ్మగారి దగ్గర ఉంచండి. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థంలో వందల బళ్ళ మధ్య పెట్టినప్పుడు ఆయన దూరం నుంచి రిమోట్ నొక్కి వెళ్ళిపోకుండా, ఇండికేటర్ వెలిగిందో లేదో చూసి, ఒక్క హ్యాండిల్ లాగి చూసి కదలాలి. రిమోట్ కొనేటప్పుడు రోలింగ్ కోడ్ ఉన్నదే తీసుకోండి, నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, గాలిలో పట్టుకుని మళ్ళీ వాడటం కష్టం.

ఇన్సూరెన్స్ కూడా ఒకసారి తీసి చూడండి. ఇంత పాత బండికి చాలామంది థర్డ్ పార్టీ ఒక్కటే కడతారు. అందులో బండి దొంగతనానికి రూపాయి కూడా రాదు, అలారం ఉన్నా లేకపోయినా.

పని అయ్యాక నాలుగైదు రోజుల్లో గట్టి వాన కోసం చూడండి, లేకపోతే నాన్నగారినే ఒక్కో తలుపు అద్దం మీద రెండేసి బకెట్ల నీళ్ళు పోయమనండి. తలుపు అడుగు కన్నాల్లోంచి నీళ్ళు ధారగా బయటికి రావాలి. పది నిమిషాలాగి లోపల మ్యాట్ ఎత్తి, కార్పెట్ మీద అరచేయి ఆనించి చూడమనండి. తడి తగిలితే ఆ తలుపు షీటు సరిగ్గా అంటలేదు. మర్నాడే తీసుకెళ్ళి మళ్ళీ వేయించండి.